అభిమాన సంగీతకారుల పేరిట పచ్చబొట్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

తమకు ఇష్టమైన గాయకుని పేరునో, వాద్యకారుని ముఖాన్నో, ఒక పాట పంక్తినో ఒంటిమీద పొడిపించుకోవాలని ఉబలాటపడి, అంతలోనే సందేహంలో పడేవారు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ అవే. నా ముంజేతిపై అలాంటి పచ్చబొట్టు తొమ్మిదేళ్లుగా ఉండటమే వారు నన్ను అడగటానికి కారణం. ప్రతిసారీ మొదటినుంచి చెప్పే బదులు, జవాబులను ఇక్కడ దశలవారీగా కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ జవాబును విడిగా చదువుకోవచ్చు.

## ఇంకా ఆలోచనలోనే ఉన్నప్పుడు

ఆయన పాటంటే నాకు ప్రాణం. పచ్చబొట్టుకు ఆ ఒక్క కారణం చాలదా?

చాలకపోవచ్చు. ప్రాణమనిపించే పాటలు వయసుతోపాటు మారుతుంటాయి. పదహారేళ్లప్పుడు రోజంతా విన్న పాటను ముప్పయ్యేళ్లప్పుడు వింటే నవ్వు రావడం కొత్తేమీ కాదు. అడిగినవారికి నేనొక చిన్న పరీక్ష పెడతాను. ఆ సంగీతకారుని పేరు ఎక్కడా రాకుండా, ఆ సంగీతం మీ జీవితంలో ఏం చేసిందో ఒక్క వాక్యంలో రాయండి. "నాన్న పోయిన ఏడాది నిద్రపట్టని రాత్రుల్లో ఆ వాయులీనం వింటూనే తెల్లవారేది" అని రాయగలిగితే అది మీ సొంత అనుభవం, దానికి ఒంటిమీద చోటు అడిగే హక్కు ఉంది. "ఆయన గొప్ప గాయకుడు" అని మాత్రమే తోస్తే అది లోకానికంతటికీ తెలిసిన సంగతి; దానికి గోడమీద పోస్టరు సరిపోతుంది.

ఎంతకాలం ఆగితే తొందరపడలేదని అనుకోవచ్చు?

నేను చెప్పే గడువు ఏడాది. ఆ గడువు అభిమానానికి కాదు, బొమ్మకు. అనుకున్న బొమ్మను అసలు కొలతలోనే కాగితంపై గీయించి, రోజూ తెరిచే బీరువా తలుపు లోపలివైపు అంటించండి. కొన్ని వారాలకే అది కళ్లకు ఆనడం మానేస్తే, లేదా చూసినప్పుడల్లా ఏదో ఒకటి మార్చాలనిపిస్తూనే ఉంటే, నిర్ణయం ఇంకా పండలేదని అర్థం. కచేరీ చూసి వచ్చిన రాత్రి మాత్రం ఎవరితోనూ అపాయింట్‌మెంట్ ఖాయం చేసుకోకండి.

ఆయన ఈమధ్యే కన్నుమూశారు. వెంటనే వేయించుకోవాలనిపిస్తోంది. తప్పా?

తప్పేమీ లేదు. అయితే దుఃఖంలో ఎంచుకున్న బొమ్మలు చాలావరకు ఒకే తీరుగా వస్తాయి: ఒక ముఖం, దాని కింద పుట్టిన ఏడాది, పోయిన ఏడాది, మధ్యలో చిన్న గీత. ఆ రెండు అంకెలు పత్రికలో వచ్చే వార్తకు చెందినవి. కొన్ని నెలలు గడిచాక, ఆయన గొంతును మీరు మొదటిసారి విన్న ఏడాదో, ఎక్కువగా విన్న చోటో మీకు ముఖ్యమనిపించవచ్చు. సంతాపం నిజమైనదైతే ఆ కొన్ని నెలల్లో అది ఎక్కడికీ పోదు. తేదీలే కావాలనుకుంటే, ఎవరో పంపిన చిత్రంలో ఉన్న అంకెలను నమ్మకుండా రెండుమూడు చోట్ల సరిచూసుకోవాలి.

రేపు ఆ గాయకుని గురించి వినకూడనిది వింటే ఏం చేయాలి?

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే భయం ఇదే, అది సహేతుకమైన భయం కూడా. బతికున్నవారి విషయంలో కథ ఇంకా ముగియలేదు; పోయినవారి విషయంలోనైనా పాత ఉత్తరాలు, వాంగ్మూలాలు తర్వాత ఎప్పుడో బయటపడవచ్చు. అందువల్ల ఎవరు మచ్చలేనివారో ముందే కనిపెట్టే ప్రయత్నం కంటే, బొమ్మను ఎంచుకునే తీరులోనే జాగ్రత్తపడటం మేలు.

ఒక కొలబద్ద చెబుతాను. బొమ్మ వ్యక్తికి ఎంత దగ్గరగా ఉంటే మోయాల్సిన బరువు అంత ఎక్కువ. సంగీతానికి ఎంత దగ్గరగా ఉంటే అంత తక్కువ. ముఖం, పూర్తి పేరు, సంతకం అన్నవి వ్యక్తివి. వాద్యం, నాలుగు స్వరాలు, మీ పరీక్షలకు ముందు విన్న క్యాసెట్టు రూపం వంటివి మీకూ ఆ సంగీతానికీ మధ్య ఉన్నవి. నా ముంజేతిపై ఉన్నవి వీణ తీగలు ఏడు: స్వరం పలికించే నాలుగు, పక్కన తాళానికి మీటే మూడు. వాటిని ఏ వైణికుణ్ణి తలచుకుని వేయించుకున్నానో అడిగినవారికే తెలుస్తుంది. ఆయనపై రేపు నాకున్న గౌరవం సడలినా, ఆ తీగలకు సంజాయిషీ చెప్పుకోవాల్సిన అవసరం రాదు. ముఖమైతే చెప్పుకోవాల్సి వస్తుంది.

అయినా ముఖమే కావాలనుకునేవారు ఉంటారు. వారు తమను తాము అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ మనిషి నన్ను నిరాశపరచిన తర్వాత కూడా ఆ పాటలను వినగలనా? వినలేననిపిస్తే ముఖం వద్దు.

ముందు తాత్కాలికంగా వేసి చూడవచ్చా?

తప్పకుండా చూడవచ్చు. నీటితో అంటించే స్టిక్కరుగా మీ బొమ్మను ముద్రించుకుని, అనుకున్న చోటే రెండుమూడు వారాలపాటు మళ్లీమళ్లీ అంటించుకుంటే, అద్దంలో అది ఎటు తిరిగి కనిపిస్తుందో, చొక్కా చేయి దాన్ని ఎక్కడ కోస్తుందో కూడా తెలిసిపోతుంది. ఇక్కడ ఒక్క హెచ్చరిక అవసరం. నల్ల గోరింట పేరుతో వేసే తాత్కాలిక బొమ్మల జోలికి పోవద్దు. సహజమైన గోరింట నారింజ నుంచి గోధుమ వర్ణం దాకా పండుతుందే గాని నల్లగా పండదు. ఆ నలుపు కోసం చాలాచోట్ల జుట్టు రంగుల్లో వాడే పారా ఫినలీన్ డయామిన్ అనే రసాయనం కలుపుతారు. అది చర్మంపై బొబ్బలు తెప్పించవచ్చు. ఒకసారి ఒంటికి పడకపోతే జీవితాంతం జుట్టు రంగులు కూడా పడకుండా పోవచ్చు.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు, ఉద్యోగానికి అడ్డమవుతుందేమోనని కూడా అనుమానం. ఎలా?

ఉద్యోగం సంగతి ఊహలకు వదలకండి. యూనిఫాం వేసుకునే కొలువుల్లో పచ్చబొట్టు పరిమాణం, చోటు, అందులోని మాటల గురించి రాతపూర్వక నిబంధనలు ఉండటం మామూలే; చేరాలనుకునే సంస్థ నిబంధనలను ముందే చదవండి. ఇంటివారి విషయంలో నేను తీర్పు చెప్పలేను. పద్దెనిమిదేళ్లు నిండకపోతే మాత్రం నిండేదాకా ఆగమనే చెబుతాను.

## ఏం వేయించుకోవాలో తేల్చుకునేటప్పుడు

ముఖం వేయించుకుంటే అచ్చం ఆయనలాగే వస్తుందా?

వేసే చేతిని బట్టి, బొమ్మ పరిమాణాన్ని బట్టి ఉంటుంది. ముఖంలో పోలిక నిలిచేది కనురెప్ప మడత, పెదవి చివర, ముక్కుపుటం అంచు వంటి చిన్నచిన్న చోట్ల; చర్మంలోని సిరా ఏళ్ల మీద కొద్దిగా విస్తరిస్తుంది కనుక ముందుగా చెడేవి అవే. అరచేతికంటే చిన్న ముఖచిత్రం నాకు సమ్మతం కాదు. పోర్ట్రెయిట్లు మాత్రమే ప్రధానంగా వేసే ఆర్టిస్టును వెతికి, వేసిన రోజు తీసిన మెరిసే ఫొటోలు కాక, ఏడాది దాటి మానిన బొమ్మల ఫొటోలు చూపించమనండి. అవి చూపించలేనివారి చేతిలో ముఖం పెట్టకూడదు.

చిన్న గుర్తు చాలనుకుంటున్నాను. ఎలాంటిది నిలుస్తుంది?

గీత లావుగా, లోపలి ఖాళీ ధారాళంగా ఉన్నది నిలుస్తుంది. బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బౌయీ ముఖంపై 1973లో కనిపించిన మెరుపు గీత, అమెరికన్ గాయకుడు ప్రిన్స్ 1993లో తన పేరుకు బదులుగా పెట్టుకున్న గుర్తు ఇన్నేళ్లుగా పచ్చబొట్లుగా చెలామణి కావడానికి అవి దూరం నుంచి కూడా పోల్చుకోదగినవి కావడం ఒక కారణం. గుర్తు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడమూ అవసరమే. జాయ్ డివిజన్ అనే ఇంగ్లండ్ రాక్ బృందం 1979 ఆల్బమ్ అట్టమీది తెల్లని అలల గీతలను ధ్వని తరంగాలనుకుని వేయించుకున్నవారు ఉన్నారు. నిజానికి అవి 1967లో తొలిసారిగా కనుగొన్న పల్సర్ నక్షత్రం నుంచి వచ్చిన రేడియో స్పందనల పటం. తెలిసి వేయించుకుంటే ఆ బొమ్మ ఇంకా బాగుంటుంది. ఒకటి గమనించాలి: అవి దగ్గరదగ్గరగా పేర్చిన సన్నని గీతలు కాబట్టి, అగ్గిపెట్టె పరిమాణంలో వేయిస్తే కొన్నేళ్లకు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

పాట పంక్తిని తెలుగు లిపిలో రాయించుకోవాలి. ఏం చూసుకోవాలి?

ఒత్తులు చూసుకోవాలి, ఆ తర్వాత మళ్లీ ఒత్తులే చూసుకోవాలి. బొమ్మలు గీసే కొన్ని సాఫ్ట్‌వేర్లలో భారతీయ లిపుల అమరిక సరిగా పనిచేయదు. అక్కడ తెలుగు అతికిస్తే ఒత్తు తన అక్షరాన్ని వదిలి పక్కకు జరుగుతుంది, లేదా కలిసి ఉండాల్సిన చోట పొల్లు బయటపడుతుంది. బాలసుబ్రహ్మణ్యం అన్న పేరునే తీసుకోండి: బ్ర, హ్మ, ణ్య అని వరుసగా మూడు సంయుక్తాక్షరాలు. తెరమీద సరిగానే ఉన్న ఆ పేరు స్టెన్సిల్ కాగితం (బొమ్మను చర్మంపై అచ్చుగా దించే నమూనా) మీదికి వచ్చేసరికి "బ్‌ర" అని విడిపోయి ఉండటం నేను కళ్లారా చూశాను. తెలుగు రాని ఆర్టిస్టుకు అందులో తప్పేమీ కనిపించలేదు. పైగా "హ్మ"ను "మ్హ" అని రాసే అలవాటు మనలోనే చాలామందికి ఉంది. ఆ తప్పుకు సాఫ్ట్‌వేరును నిందించలేం.

అందువల్ల పంక్తిని అక్షరాలుగా కాక బొమ్మగా పంపండి. అంతకంటే మంచిది, చక్కని దస్తూరీ ఉన్నవారి చేత కాగితంపై రాయించి ఇవ్వడం. స్టెన్సిల్ అతికించాక తెలుగు బాగా చదివే ఒకరిని పక్కన ఉంచుకుని, పంక్తిని చివరి అక్షరం నుంచి వెనక్కి చదివించండి. ముందునుంచి చదివితే నోటికొచ్చిన పాట కంటిని మోసం చేస్తుంది. అక్షరాల పరిమాణం కూడా ముఖ్యం. వట్రసుడిలోని సన్న వంపు, ఘకారం, ధకారం వంటివాటి చిన్న ఖాళీలు చిన్న అక్షరాల్లో త్వరగా పూడిపోతాయి.

నాకు రాని భాషలో రాయించుకోవచ్చా?

రాయించుకోవచ్చు, కాని ఆ భాష మాతృభాషగా ఉన్న ఇద్దరికి విడివిడిగా చూపించాకే. 2019లో అమెరికన్ గాయని అరియానా గ్రాండే తన పాటలోని "ఏడు ఉంగరాలు" అన్న మాటను జపనీస్‌లో అరచేతిపై రాయించుకుంటే, అక్కడి పాఠకులకు అది బొగ్గులమీద కాల్చుకునే చిన్న కుంపటి పేరుగా కనిపించింది. విడివిడిగా ఒక్కో అక్షరానికి అర్థం సరైనదే; రెండూ కలిస్తే వచ్చే మాటే వేరు.

నాలుగు స్వరాలు వేయించుకోవాలనుంది. తప్పులు దొర్లే చోటు ఏది?

చుక్కలు. మన స్వరలిపిలో స్వరం పైన చుక్క పెడితే తారస్థాయి, కింద పెడితే మంద్రస్థాయి. ఆ చుక్క చెదిరినా, పక్కన ఒక పుట్టుమచ్చ ఉన్నా రాగం తెలిసినవారు మరోలా చదువుతారు. కాబట్టి పుట్టుమచ్చలు లేని చోటు చూసుకోండి. పాశ్చాత్య స్వరలిపి అయితే గీతలు ఐదు ఉండాలి, మొదట్లో వేసే ట్రెబుల్ క్లెఫ్ అనే గుర్తులోని చుట్ట కిందినుంచి రెండో గీతను చుట్టుకుని ఉండాలి. అలంకారం కోసం ఎడాపెడా చల్లిన స్వర చిహ్నాలను సంగీతం చదవగలిగినవారు పాడి చూపిస్తారు, అప్పుడు ఇబ్బందిగా ఉంటుంది.

ఫోనుతో స్కాన్ చేస్తే పాట వినిపించే కోడ్ వేయించుకుంటే ఎలా ఉంటుంది?

నేను వద్దంటాను. గీతలు కాస్త వ్యాపించినా, చర్మం వంగిన చోట ఉన్నా స్కాన్ కాకపోవచ్చు. గీతలు చెక్కుచెదరకపోయినా ఆ సేవను నడిపే సంస్థ మూతపడితే మిగిలేది అర్థంలేని గీతల కట్ట.

ఒక ప్రసిద్ధ ఫొటోను చూసి వేయిస్తే చట్టపరమైన చిక్కు ఉంటుందా?

ఉండవచ్చు, అయితే దాని బరువు సాధారణంగా పడేది ఆర్టిస్టు మీద. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ పెదవులపై వేలు ఉంచుకున్న చిత్రాన్ని జెఫ్రీ సెడ్లిక్ అనే ఛాయాగ్రాహకుడు 1989లో తీశారు. దాని ఆధారంగా 2017లో కాట్ వాన్ డీ అనే టాటూ ఆర్టిస్టు తన మిత్రుని చేతిపై పచ్చబొట్టు వేయగా, సెడ్లిక్ కాపీరైటు దావా వేశారు. 2024 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో జ్యూరీ ఆమె పక్షాన తీర్పిచ్చింది. దావా ఎదుర్కొన్నది ఆర్టిస్టే గాని, బొమ్మ వేయించుకున్న వ్యక్తి కాదు. అయినా ఒకే ఫొటోకు నకలు తీయించే బదులు, పలు ఫొటోలు చూసి ఆర్టిస్టు చేత కొత్తగా గీయిస్తే చట్టం సంగతి అటుంచి బొమ్మ కూడా మీదవుతుంది.

ఆయనే నా చేతిపై సంతకం చేస్తే దాన్నే పచ్చబొట్టుగా మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు. వెంటనే స్పష్టమైన ఫొటో తీసి, దాన్నుంచి స్టెన్సిల్ చేయించండి. మార్కరు సిరా ఉన్న చర్మం మీదే సూది దింపితే ఆ సిరా కూడా లోపలికి పోతుంది; అందుకే శుభ్రంగా కడిగాకే పని మొదలుపెట్టాలి.

## శరీరం, ఆరోగ్యం

సిరా చర్మంలో జీవితాంతం ఎలా నిలుస్తుంది?

సూది సిరాను చర్మం రెండో పొరలో, సుమారు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోతులో వదులుతుంది. పై పొర కొన్ని వారాలకొకసారి రాలి కొత్తదవుతుంది గాని ఈ పొర అలా రాలదు. బయటి పదార్థం వచ్చిందని గుర్తించిన మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు సిరా రేణువులను మింగుతాయి కాని జీర్ణించుకోలేవు. అవి చనిపోతే, విడుదలైన రేణువులను కొత్త కణాలు మింగుతాయి. బొమ్మ నిలవడానికీ, మెల్లగా మసకబారడానికీ ఈ చేతులు మారడమే ఒక కారణం. నల్ల సిరా చర్మం కింద నీలి ఆకుపచ్చగా కనిపిస్తుంది. పచ్చబొట్టు అన్న మన మాటలోనే ఆ రంగు దాగి ఉంది.

సంగీతాభిమానులకు నచ్చే ముచ్చట ఒకటి. థామస్ ఎడిసన్ 1876లో పేటెంటు పొందిన, సూదితో కాగితాన్ని పొడిచే విద్యుత్ కలం ఆధారంగానే న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ 1891లో టాటూ యంత్రానికి పేటెంటు పొందారు. ఆ కలం తర్వాత ఏడాదే, 1877లో, ఎడిసన్ ఫోనోగ్రాఫ్ చేశారు. పాటను రికార్డు చేసిన సూదికీ, మీ చేతిమీద తిరిగే సూదికీ ఆ విధంగా చుట్టరికం ఉంది.

ఎవరు వేయించుకోకూడదు?

గాయం మానిన చోట మచ్చ ఉబ్బి పెరిగే కీలాయిడ్ తత్వం ఉన్నవారు, గర్భిణులు మానుకోవడమే మంచిది. అదుపులో లేని మధుమేహం, సోరియాసిస్, రక్తం పలచబడే మందులు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఉన్నవారు ముందు వైద్యుని అడగాలి. రంగుల్లో అలర్జీ ఎక్కువగా తెచ్చేది ఎరుపు. యూరోపియన్ యూనియన్ 2022 జనవరి నుంచి టాటూ సిరాల్లోని వేలాది రసాయనాలపై పరిమితులు విధించింది. సందేహం ఉంటే నలుపుతోనే సరిపెట్టుకోండి.

తర్వాత రక్తదానం, ఎంఆర్ఐ చేయించుకోవచ్చా?

రక్తదానానికి దేశాన్ని బట్టి కొన్ని నెలల నుంచి ఏడాది వరకు ఆగమంటారు. ఎంఆర్ఐకి ముందు పచ్చబొట్టు ఉందని సిబ్బందికి చెప్పండి. ఇనుము కలిసిన కొన్ని సిరాలు అరుదుగా వేడిని, మంటను కలిగిస్తాయి. అంతే తప్ప స్కాన్ మానుకోనవసరం లేదు.

## కుర్చీలో కూర్చునే రోజు

స్టూడియో శుభ్రమైనదని ఎలా తెలుసుకోవాలి?

కొత్త సూది ప్యాకెట్టును మీ కళ్లముందే చింపాలి, సిరాను సీసాలోంచి చిన్న మూతల్లోకి పోసుకుని మిగిలింది పారేయాలి, గ్లవ్స్ వేసుకున్న చేతితో ఫోను ముట్టుకుంటే వాటిని మార్చాలి. పదేపదే వాడే పరికరాలకు ఆటోక్లేవ్ (వేడి ఆవిరితో క్రిములను చంపే యంత్రం) ఉందా అని అడగండి. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి వంటివి కలుషితమైన సూదుల ద్వారా సోకుతాయి కనుక ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకూడదు. అడిగితే విసుక్కునే చోటునుంచి లేచి వచ్చేయండి.

స్టెన్సిల్ అతికించాక నచ్చకపోతే?

తుడిపించి మళ్లీ అతికించమనండి. అది రెండు నిమిషాల పని, ఆర్టిస్టులకు అలవాటే. చేయి చాచి ఒకసారి, మడిచి ఒకసారి, నిలబడి అద్దంలో ఒకసారి చూసుకోండి. ఆ రోజు కడుపునిండా తిని వెళ్లండి, మద్యం ముట్టకండి.

## వేయించుకున్న తర్వాత

మానడానికి ఎన్నాళ్లు పడుతుంది?

పైకి రెండుమూడు వారాల్లో మానినట్టు కనిపిస్తుంది. లోపల పూర్తిగా మానడానికి నెలలు పట్టవచ్చు. మొదటి వారాల్లో ఈత, ఎండ వద్దు, పొక్కును గిల్లవద్దు. ఎరుపు రోజురోజుకూ పెరుగుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా వైద్యుని దగ్గరికే వెళ్లాలి. మానిన తర్వాత ఎండలోకి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ రాస్తే రంగు ఎక్కువకాలం నిలుస్తుంది.

పదేళ్ల తర్వాత ఎలా ఉంటుంది?

నాది తొమ్మిదేళ్ల నాటిది. ఏడు తీగలూ వెంట్రుకవాసి సన్నగా, పక్కపక్కనే ఉండాలని నేనే పట్టుబట్టాను. ఎడం పెంచుదామని ఆర్టిస్టు రెండుసార్లు చెప్పినా వినలేదు. ఇప్పుడు స్వరం తీగలు నాలుగూ విడిగానే కనిపిస్తున్నాయి గాని, తాళం తీగలు మూడూ మణికట్టు దగ్గర ఒకటే నీలి చారగా కలిసిపోయాయి. ఐదేళ్లకు వాటిని మళ్లీ గీయిద్దామనుకున్నాను, కాని కలిసిపోయిన గీతల మధ్య ఖాళీని సూదితో తిరిగి తేవడం కుదరదని తెలిసింది.

ఇక వద్దనిపిస్తే తీసేయవచ్చా?

లేజర్‌తో చాలావరకు తగ్గించవచ్చు, పూర్తిగా పోతుందన్న హామీ లేదు. అతి స్వల్పకాలపు కాంతి స్పందనలు సిరా రేణువులను చిన్నచిన్న ముక్కలు చేస్తే, శరీరం వాటిని మెల్లగా తొలగిస్తుంది. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల ఎడంతో పలుమార్లు చేయాల్సి ఉంటుంది కనుక ఏడాదికి పైగా పట్టడం మామూలే. నలుపు సులువుగా పోతుంది, ఆకుపచ్చ, పసుపు మొండికేస్తాయి, తెలుపు ఒక్కోసారి తిరగబడి నల్లబారుతుంది. చామనఛాయ, నలుపు చర్మాల్లో ఆ చోట రంగు తగ్గడమో పెరగడమో జరగవచ్చు కాబట్టి, అలాంటి చర్మానికి తగిన 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల లేజర్ వాడే చర్మవైద్యుణ్ణే ఎంచుకోవాలి.

మరో దారి, దానిమీద వేరే బొమ్మ వేయించి కప్పేయడం. కొత్త బొమ్మ పాతదానికంటే రెండుమూడు రెట్లు పెద్దదిగా, ముదురుగా ఉండక తప్పదు. ముందు రెండుమూడు సార్లు లేజర్ చేయించి పాతదాన్ని పలచబరిస్తే, కప్పే ఆర్టిస్టుకు ఎంచుకోవడానికి ఎక్కువ బొమ్మలు దొరుకుతాయి.